సిస్టమ్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? ఫార్మాట్ కొట్టే ముందు చూడాల్సిన ఆనవాళ్లు

నెట్ సెంటర్‌లో సాయంత్రం రద్దీ. దరఖాస్తు నింపడం అయిపోయింది, ఫొటో, సంతకం అప్‌లోడ్ అయ్యాయి, ఇక ప్రింట్ తీసుకోవడమే మిగిలింది. ప్రింట్ ఇవ్వగానే లేజర్ ప్రింటర్ గుయ్‌మంటుంది, యూపీఎస్ ఒక్కసారి కీచుమంటుంది, స్క్రీన్ నల్లబడుతుంది. రెండు మూడు సెకన్లలో మళ్లీ మదర్‌బోర్డు కంపెనీ లోగో ప్రత్యక్షం. "విండోస్ పోయింది, ఫార్మాట్ కొట్టాల్సిందే" అని అక్కడికక్కడే తీర్పు వచ్చేస్తుంది. ఫార్మాట్ కొడతారు, ఓఎస్ వేస్తారు, డ్రైవర్లు, తెలుగు ఫాంట్లు, వేలిముద్రల పరికరం సాఫ్ట్‌వేర్ అన్నీ మొదటి నుంచి ఎక్కిస్తారు. ఒక రోజు గల్లా పోతుంది. మర్నాడు ప్రింట్ ఇవ్వగానే మళ్లీ అదే తంతు.

ఇందులో విండోస్ తప్పేమీ లేదు. లేజర్ ప్రింటర్‌లో టోనర్ పొడిని కాగితానికి అతికించే ఫ్యూజర్ రోలర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. మామూలు 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది సుమారు 360 వాట్లే. ఆ లాగుడుకు వోల్టేజీ పడితే యూపీఎస్ కరెంటు పోయిందనుకుని బ్యాటరీకి మారుతుంది. బ్యాటరీ అంత లోడు మోయలేక చేతులెత్తేస్తుంది. దానితోపాటు సిస్టమ్ కూడా పోతుంది. ప్రింటర్ ప్లగ్గును యూపీఎస్ నుంచి తీసి గోడ సాకెట్‌లో పెడితే సరిపోయే సమస్య ఇది. దీనికి ఫార్మాట్ కొట్టడమంటే ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఫార్మాట్ వల్ల జరిగే నష్టం డేటా పోవడంతో ఆగదు. సిస్టమ్ ఎందుకు ఆగిందో చెప్పే ఆనవాళ్లు కూడా దానితోపాటే చెరిగిపోతాయి. ఆ ఆనవాళ్లు రెండు చోట్ల దొరుకుతాయి. సిస్టమ్ ఏ దశలో ఆగిందన్నది ఒకటి. ఆగాక తన లాగ్‌లో, అంటే జరిగినవన్నీ రాసుకునే చిట్టాలో, ఏం రాసుకుంది, ఏం రాసుకోలేకపోయింది అన్నది రెండోది. స్క్రీన్ మీద కనిపించే ఇంగ్లిష్ సందేశం కంటే ఈ రెండూ ఎక్కువ నిజం చెబుతాయి.

ఎక్కడ ఆగింది?

పవర్ బటన్ నొక్కిన క్షణం నుంచి డెస్క్‌టాప్ వచ్చేదాకా కంప్యూటర్ ఒక వరుసలో నడుస్తుంది. ముందు గోడ కరెంటును కంప్యూటర్‌కు కావాల్సిన వోల్టేజీలుగా మార్చే ఎస్‌ఎంపీఎస్ మేలుకుంటుంది. తన వోల్టేజీలు నిలకడకు వచ్చాక, అంటే సుమారు 100 నుంచి 500 మిల్లీసెకన్లలో, "పవర్ గుడ్" అనే సిగ్నల్‌ను మదర్‌బోర్డుకు పంపుతుంది. ఆ సిగ్నల్ వచ్చేదాకా ప్రాసెసర్ కదలదు. ఆ తర్వాత బోర్డులోనే ఉండే మొదటి ప్రోగ్రామ్ బయోస్ లేదా దాని కొత్త రూపమైన యూఈఎఫ్ఐ తన పరీక్షలు చేసుకుంటుంది. ర్యామ్ ఉందా, గ్రాఫిక్స్ ఉందా, కీబోర్డు ఉందా అని చూసుకుని, ఏ డిస్కు నుంచి బూట్ కావాలో ఎంచుకుని పగ్గాలను విండోస్‌ను లేపే బూట్‌లోడర్‌కు అప్పగిస్తుంది. అక్కడి నుంచి విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్, పరికరాలను నడిపే డ్రైవర్లు, సర్వీసులు, లాగిన్. ఒక దశ దాటిందంటే అంతకుముందు దశలో పనిచేయాల్సినవన్నీ కనీసం ఆ క్షణానికి పనిచేశాయని అర్థం. అనుమానితుల జాబితా అక్కడే సగానికి తగ్గిపోతుంది.

ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతోందంటే పవర్ గుడ్ దగ్గరే బండి నిలిచిపోయింది. ఎస్‌ఎంపీఎస్ బలహీనపడి ఉండొచ్చు, బోర్డు మీద ఎక్కడో షార్ట్ ఉండొచ్చు, ప్రాసెసర్ పక్కనుండే 12 వోల్టుల కనెక్టర్ వదులై ఉండొచ్చు. ఈ స్థితిలో విండోస్ గురించి మాట్లాడటమే అనవసరం. అది ఇంకా రంగంలోకే రాలేదు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, కానీ డిస్‌ప్లే లేదు. మన దగ్గర రిపేరుకు వచ్చే డెస్క్‌టాప్‌లలో తరచుగా వినిపించే ఫిర్యాదు ఇదే. చాలాసార్లు కారణం ర్యామ్. దుమ్ము, తేమ కలిసి ర్యామ్ కార్డు అంచున ఉండే బంగారు పూత పళ్ల మీద పలుచటి పొర కడతాయి. ర్యామ్ తీసి, వెలుతురులో పట్టుకుని చూస్తే ఆ పళ్లు మెరుపు తగ్గి మసకగా కనిపిస్తాయి. పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో మెల్లగా రుద్దితే మసక పోయి పసుపు మెరుపు తేలుతుంది. రబ్బరు పొడి రాలిపోయేలా దులిపి, రెండు వైపులా క్లిప్పులు టక్‌మనేదాకా నొక్కి పెట్టాలి. ఆ చప్పుడు వినిపించకపోతే కార్డు సగమే కూర్చున్నట్టు. ఈ పనికి ముందు ప్లగ్గు పూర్తిగా తీసేసి, పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి మిగిలిన చార్జి పోగొట్టాలి. రెండు కార్డులుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి. పాత బోర్డులు ర్యామ్ దొరకకపోతే బీప్ శబ్దాలతో చెప్పేవి. ఒక పొడుగు, మూడు పొట్టి బీప్‌లంటే ఒక కంపెనీ బయోస్‌లో ఒక అర్థం, మరో కంపెనీ బయోస్‌లో ఇంకో అర్థం కాబట్టి ఆ బోర్డు మాన్యువల్ చూడక తప్పదు. కొత్త బోర్డుల మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు ఉంటాయి. ఏది వెలుగుతూ నిలిచిపోయిందో అక్కడే వెతకాలి.

డీడీఆర్5 ర్యామ్ ఉన్న కొత్త సిస్టమ్‌లలో మొదటిసారి ఆన్ చేసినప్పుడు, బయోస్ అప్‌డేట్ చేశాక లేదా ర్యామ్ మార్చాక బోర్డు ర్యామ్‌తో తన టైమింగ్‌లు సరిచూసుకుంటుంది. దీన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. కొన్ని నిమిషాల పాటు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. డబ్బు పోసి కొత్తగా అసెంబుల్ చేయించుకున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే టెన్షన్ పడి మధ్యలో ఆఫ్ చేసేస్తారు. దాంతో ట్రైనింగ్ మళ్లీ మొదటికొస్తుంది.

బిళ్ల బ్యాటరీ తెచ్చే తంటా

లోగో వచ్చింది, ఆ తర్వాత నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాల్లో "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్" అని వచ్చింది. హార్డ్ డిస్క్ పోయిందని గుండె గుభేలుమంటుంది. ముందు చూడాల్సింది ఏదైనా పెన్‌డ్రైవ్ గుచ్చి ఉందేమోనని. తర్వాత బయోస్‌లోకి వెళ్లి డిస్కు పేరు కనిపిస్తోందా చూడాలి. పేరే కనిపించకపోతే డిస్కు, దాని కేబుల్, దాని పవర్ కనెక్టర్ అనుమానితులు. పేరు కనిపిస్తూ కూడా బూట్ కాకపోతే కథ వేరు.

అక్కడే బయోస్ మొదటి పేజీలో తేదీ చూడాలి. ఆ బోర్డు తయారైన నాటి పాత సంవత్సరమేదో కనిపిస్తే దొంగ దొరికినట్టే. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్2032 బ్యాటరీ చచ్చిపోయింది. పేరులోనే దాని కొలత ఉంది: 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం. వోల్టేజీ 3. సిస్టమ్‌కు కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది ఇదే. పాత బోర్డులలో బయోస్ సెట్టింగ్‌లను గుర్తుంచుకునేది కూడా ఇదే. ఇది పోతే సెట్టింగ్‌లు ఫ్యాక్టరీ స్థితికి వెళ్తాయి. విండోస్ వేసినప్పుడు డిస్కు మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐలో ఉండి, ఫ్యాక్టరీ స్థితి ఐడీఈ గానీ రెయిడ్ గానీ అయితే, విండోస్‌కు తన డిస్కే అందదు. "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని బ్లూ స్క్రీన్ ఇచ్చి రీస్టార్ట్ అవుతుంది. మళ్లీ అదే, మళ్లీ అదే. డిస్కులోని ఫైళ్లన్నీ చెక్కుచెదరకుండా ఉంటాయి. బ్యాటరీ మార్చి, ఆ ఒక్క సెట్టింగ్‌ను వెనక్కు తిప్పితే సిస్టమ్ ఏమీ జరగనట్టే లేస్తుంది. ఈ స్థితిలో కొట్టే ఫార్మాట్ మాత్రం క్షమించరానిది. ఎందుకంటే ఫార్మాట్ కూడా పనిచేస్తుంది! కొత్త సెట్టింగ్‌తో కొత్త విండోస్ హాయిగా ఎక్కుతుంది. పిల్లల ఫొటోలు, ఏళ్ల తరబడి రాసుకున్న లెక్కలు పోతాయి. "వైరస్ వచ్చింది, అందుకే పోయాయి" అన్న మాటే చివరికి మిగులుతుంది.

అదే బ్యాటరీ పోతే వచ్చే చిన్న లక్షణం ఇంకోటి. సిస్టమ్ బూట్ అవుతుంది కానీ ఏ వెబ్‌సైటూ తెరుచుకోదు, కనెక్షన్ సురక్షితం కాదని బ్రౌజర్ మొరాయిస్తుంది. తేదీ ఏళ్ల వెనక్కు వెళ్లడంతో వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు ఇంకా పుట్టనే లేదని బ్రౌజర్ అనుకుంటుంది.

చుక్కలు తిరిగి తిరిగి మళ్లీ మొదటికి

విండోస్ గుర్తు వచ్చింది, చుక్కలు గుండ్రంగా తిరిగాయి, అప్పుడు పడిపోయింది. అంటే కెర్నల్ లోడయింది, డ్రైవర్లు ఎక్కుతున్నాయి. ఎక్కువగా ఏదో ఒక డ్రైవర్ గానీ, అప్‌డేట్ గానీ ఇక్కడ కాలు అడ్డం పెడుతుంది. ఈ దశకు ప్రపంచమంతా చూసిన ఉదాహరణ 2024 జులై 19. క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు మన కాలమానం ప్రకారం ఉదయం 9.39కి ఒక చిన్న ఫైల్ అప్‌డేట్‌గా వచ్చింది. 78 నిమిషాల్లో దాన్ని వెనక్కు తీసుకున్నారు. ఆలోపే మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

ఆ యంత్రాలు ఎందుకు లేవలేకపోయాయన్నది గమనించాల్సిన విషయం. ఆ సాఫ్ట్‌వేర్ డ్రైవర్ కెర్నల్‌లో కూర్చుని బూట్ సమయంలోనే లోడవుతుంది. కొత్త ఫైల్ 21వ విలువను కూడా చూడమంది, డ్రైవర్ దగ్గర ఉన్నవి 20 విలువలే. లేని చోట చదవబోయి కెర్నల్ కూలింది. యంత్రం రీస్టార్ట్ అయింది, బూట్ అవుతూనే అదే డ్రైవర్ అదే ఫైల్‌ను మళ్లీ చదివింది, మళ్లీ కూలింది. పరిష్కారం అత్యవసరమైన డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ డ్రైవర్ ఫోల్డర్‌లో 291 నంబరున్న ఆ ఒక్క ఫైల్‌ను తొలగించడం. లక్షల యంత్రాలు అలాగే బాగుపడ్డాయి. ఇంట్లో కంప్యూటర్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. సేఫ్ మోడ్‌లో నిలకడగా నడుస్తూ మామూలు మోడ్‌లో పడిపోతోందంటే హార్డ్‌వేర్ చాలావరకు బాగున్నట్టే. కొత్తగా వేసిన డ్రైవర్‌నో, యాంటీవైరస్‌నో, చివరి అప్‌డేట్‌నో తీసేసి చూడాలి. సేఫ్ మోడ్‌లో కూడా పడిపోతోందంటే చూపు హార్డ్‌వేర్ వైపు తిప్పాలి.

సేఫ్ మోడ్‌కు దారి మారిందన్నది చాలామందికి తెలియదు. పాత రోజుల్లో ఎఫ్8 నొక్కితే చాలు. విండోస్ 8 నుంచి బూట్ వేగం పెరగడంతో ఎఫ్8 మామూలుగా పనిచేయదు. బూట్ వరుసగా విఫలమైతే రికవరీ స్క్రీన్ దానంతటదే వస్తుంది. లోగో కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టి ఆఫ్ చేయడం రెండు మూడు సార్లు చేస్తే అదే స్క్రీన్ తెరుచుకుంటుంది. లాగిన్ దాకా వస్తున్న సిస్టమ్ అయితే షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే చాలు. అక్కడ ఒక్కోసారి డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. డిస్కు ఎన్‌క్రిప్ట్ అయిన సంగతే తెలియని యజమానులు ఎందరో. ఆ కీ సాధారణంగా వాళ్ల మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రమై ఉంటుంది. సిస్టమ్ బాగున్న రోజునే దాన్ని ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే పుణ్యం.

ఇంకో చిక్కు కూడా విండోస్ 8తోనే వచ్చింది, దాని పేరు ఫాస్ట్ స్టార్టప్. షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ నిజంగా పూర్తిగా ఆగదు. కెర్నల్ స్థితిని డిస్కులో దాచుకుని, మర్నాడు దాన్నే తిరిగి తెచ్చుకుంటుంది. రోజూ రాత్రి ఆఫ్ చేసే సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ పేజీలో అప్‌టైమ్ చూస్తే పది రోజులని ఉండటం ఇందుకే. ఏదైనా డ్రైవర్ గందరగోళంలో పడితే ఆ గందరగోళమూ మర్నాటికి అలాగే వస్తుంది. రీస్టార్ట్ మాత్రం నిజంగా మొదటి నుంచి మొదలుపెడుతుంది. "రోజూ ఆఫ్ చేస్తూనే ఉన్నాం కదా" అన్నది అందుకే సరైన జవాబు కాదు.

41 రాసేది పంచనామా

డెస్క్‌టాప్ వచ్చి, పని చేసుకుంటూ ఉండగా ఉన్నట్టుండి రీస్టార్ట్ అయితే లాగ్ తెరవాలి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే ఈవెంట్ వ్యూయర్ కనిపిస్తుంది. అందులో విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. అసలు ఇదంతా విండోస్ అప్‌డేట్ తానే చేసిన రీస్టార్టేమో ముందు చూడాలి. 1074 నంబరు ఈవెంట్ ఉంటే ఏ ప్రోగ్రామ్ రీస్టార్ట్ అడిగిందో పేరుతో సహా రాసి ఉంటుంది. అదే అయితే లోపమేమీ లేదు, అప్‌డేట్ వేళలు మార్చుకుంటే చాలు.

లేకపోతే ఎర్ర గుర్తుతో "కెర్నల్ పవర్ 41" కనిపిస్తుంది. ఆ 41ని ఇంటర్నెట్‌లో వెతికి దాన్నే జబ్బు పేరు అనుకునేవాళ్లు కోకొల్లలు. అది పంచనామా మాత్రమే. సిస్టమ్ తిరిగి లేచాక, తాను కిందటిసారి సరిగా ఆగలేదని గమనించి రాసుకునే చీటీ అది. నేరం ఎవరిదో చెప్పేది ఆ ఈవెంట్‌లోని డీటెయిల్స్ ట్యాబ్. అక్కడ "బగ్‌చెక్ కోడ్" అనే వరుస ఉంటుంది. దాని ఎదుట సున్నా కాని అంకె ఉంటే విండోస్ బ్లూ స్క్రీన్ చూపించి కూలిందని అర్థం. ఇక్కడ అంకె దశాంశ పద్ధతిలో ఉంటుంది కాబట్టి బ్లూ స్క్రీన్ మీది కోడ్‌తో నేరుగా పోల్చకూడదు. 292 అంటే "వియా అన్‌కరెక్టబుల్ ఎర్రర్", ప్రాసెసర్ స్థాయిలో హార్డ్‌వేర్ మొరపెట్టుకున్నట్టు. 278 అంటే గ్రాఫిక్స్ డ్రైవర్ జవాబు ఇవ్వలేదు. 26 అంటే మెమరీ మేనేజ్‌మెంట్. 159 అంటే ఏదో డ్రైవర్ నిద్ర నుంచి లేవలేదు.

బగ్‌చెక్ కోడ్ ఎదుట సున్నా ఉంటే విండోస్‌కు కూలే తీరిక కూడా దొరకలేదన్నమాట. నిలబడ్డ నేలే జారిపోయింది. కరెంటు, ఎస్‌ఎంపీఎస్, వేడి, మదర్‌బోర్డు, వీటిలో ఒకటి. లేదా సిస్టమ్ పూర్తిగా బిగుసుకుపోతే మనిషే రీసెట్ నొక్కి ఉండాలి. పవర్ బటన్ నొక్కి పట్టి ఆపితే "పవర్ బటన్ టైమ్‌స్టాంప్" అనే పక్క వరుసలో సున్నా కాని విలువ పడవచ్చు. ఇందులో ఒక మెలిక ఉంది. బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు విండోస్ మెమరీ వివరాలను డిస్కులోని పేజ్ ఫైల్‌లో రాసి, తర్వాతి బూట్‌లో వాటిని మినీడంప్ ఫోల్డర్‌లోకి తీస్తుంది. డిస్కే జవాబు ఇవ్వకుండా పోయి ఉంటే రాసే చోటే ఉండదు. బ్లూ స్క్రీన్ సున్నా శాతం దగ్గర నిలిచిపోయి, లాగ్‌లో ఏమీ మిగలకపోతే ఎస్‌ఎస్‌డీని కూడా అనుమానించాలి.

బ్లూ స్క్రీన్ అసలు కనిపించనే లేదంటారా? విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి "ఆటోమేటిక్ రీస్టార్ట్" టిక్ పెట్టే ఉంటుంది. కూలిన మరుక్షణం రీస్టార్ట్ కావడంతో సందేశం చదివేలోపు మాయమవుతుంది. సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి ఆ టిక్ తీసేస్తే స్క్రీన్ నిలబడుతుంది, ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. 2025 నుంచి విండోస్ 11లో ఆ స్క్రీన్ నీలం వదిలి నలుపుకు మారింది. నల్లగా వచ్చినంత మాత్రాన కరెంటు పోయినట్టు కాదు, అక్షరాలున్నాయేమో చూడాలి. ఈవెంట్ వ్యూయర్ గందరగోళంగా అనిపిస్తే సెర్చ్‌లో రిలయబిలిటీ హిస్టరీ అని కొట్టి చూడవచ్చు. రోజువారీగా ఏం కూలిందో, ఆ ముందు రోజు ఏం ఇన్‌స్టాల్ అయిందో ఒకే పటంలో కనిపిస్తుంది.

ఫ్యాన్ ఆగలేదు, సిస్టమ్ ఆగింది

మన ఇళ్లల్లో, దుకాణాల్లో సున్నా కోడ్‌కు మొదట చూడాల్సింది కరెంటే. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంటు పోతే ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, ట్యూబ్‌లైట్ ఒక్కసారి మిణుక్కుమంటుంది, సిస్టమ్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది. "కరెంటు పోనే లేదు కదా" అంటారు. పోయింది, కానీ కంటికి ఆననంత సేపు.

ఎస్‌ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్లలో కొంత చార్జి నిల్వ ఉంటుంది. గోడ నుంచి కరెంటు ఆగినా పూర్తి లోడులో 16, 17 మిల్లీసెకన్ల పాటు అది నెట్టుకురావాలన్నది డెస్క్‌టాప్ ఎస్‌ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణం. మన 50 హెర్ట్జ్ కరెంటులో ఒక్క ఆవృత్తికి పట్టేది 20 మిల్లీసెకన్లు. మామూలు కంప్యూటర్ యూపీఎస్ బ్యాటరీకి మారడానికి 4 నుంచి 10 మిల్లీసెకన్లు తీసుకుంటుంది కాబట్టి గండం గట్టెక్కుతుంది. ఇంటి ఇన్వర్టర్ అంతకంటే తీరిగ్గా మారుతుంది. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్ మోడ్ అనే స్విచ్ ఉంటుంది. అది వేస్తే మార్పిడి వేగం పెరుగుతుంది. ఏళ్లు గడిచిన ఎస్‌ఎంపీఎస్‌లో కెపాసిటర్లు బలం కోల్పోయి ఆ 16 మిల్లీసెకన్లు కూడా ఆగలేవు. నిరుడు అదే ఇన్వర్టర్ మీద నిలబడిన సిస్టమ్ ఈ ఏడాది పడిపోవడానికి ఇదొక కారణం. పవర్ గుడ్ సిగ్నల్ ఒక్క క్షణం తప్పినా బోర్డు మొత్తాన్ని రీసెట్ చేస్తుంది. ఆ క్షణంలో విండోస్‌కు రాసుకోవడానికి ఏమీ ఉండదు. లాగ్‌లో సున్నా పడేది అందుకే.

యూపీఎస్ ఉన్నా లాభం లేకపోవడం ఇంకా మామూలు. అందులోని 12 వోల్టుల, 7 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి వేడి పడదు. 25 డిగ్రీలకు మించి ప్రతి 8, 10 డిగ్రీలకు దాని ఆయువు దాదాపు సగానికి పడిపోతుందని లెక్క. మే నెలలో ఖమ్మంలోనో, రామగుండంలోనో టేబుల్ కింద గాలి ఆడని మూలన పెట్టిన యూపీఎస్ రెండేళ్లు సరిగా పనిచేస్తే అదే గొప్ప. పరీక్షించడం తేలిక. చేస్తున్న పని సేవ్ చేసుకుని, ఫైళ్లన్నీ మూసేసి, గోడ స్విచ్ ఆపి చూడాలి. వెంటనే సిస్టమ్ పడిపోతే బ్యాటరీ అయిపోయింది.

దుకాణాల్లో ఎస్‌ఎంపీఎస్‌ను పరీక్షించే పద్ధతి గురించి ఒక మాట. పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో చిన్న తీగ పెట్టి కలుపుతారు. ఫ్యాన్ తిరిగితే "ఎస్‌ఎంపీఎస్ ఓకే" అంటారు. ఇది సగం నిజమే. లోడు లేకుండా ఫ్యాన్ తిప్పడం ఎవరికైనా చేతనవుతుంది. సిస్టమ్ నడుస్తూ బరువైన పని చేస్తున్నప్పుడు మల్టీమీటర్‌తో పసుపు వైరు మీద 11.4 నుంచి 12.6, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉందా చూడాలి. ఆ హద్దులు దాటితే ఎస్‌ఎంపీఎస్‌ను మార్చాల్సిందే. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఇంట్లో విప్పకూడదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా లోపలి కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

మదర్‌బోర్డు మీది కెపాసిటర్లను మాత్రం కంటితో చూడవచ్చు. ప్రాసెసర్ చుట్టూ చిన్న డ్రమ్ముల్లా నిలబడి ఉంటాయి. పైభాగం పళ్లెంలా సమంగా ఉండాలి. పూరీలా ఉబ్బినా, గోధుమ రంగు ద్రవం కారి ఎండినా అవి పోయినట్టే. 2000 తర్వాతి తొలి ఏళ్లలో లోపభూయిష్టమైన ఎలక్ట్రోలైట్‌తో తయారైన కెపాసిటర్ల వల్ల ఎన్నో కంపెనీల బోర్డులు ఇలాగే పోయాయి. ఇప్పటి బోర్డుల్లో ఘనరూప కెపాసిటర్లు రావడంతో ఇది తగ్గింది కానీ, బడుల్లో, ఆఫీసుల్లో ఇంకా నడుస్తున్న పాత సిస్టమ్‌లలో కనిపిస్తూనే ఉంటుంది.

క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందా? ఎర్తింగ్ లేదు. ఎస్‌ఎంపీఎస్ ముందుభాగంలో ఉండే ఫిల్టర్ కొద్దిపాటి కరెంటును ఎర్త్ పిన్ను గుండా పంపుతుంది. ఆ దారి లేకపోతే అది క్యాబినెట్ మీదే నిలుస్తుంది. మూడు పిన్నుల ప్లగ్గుకు రెండు పిన్నుల కన్వర్టర్ తగిలించిన చోటల్లా ఇదే పరిస్థితి. ఎర్త్ లేనప్పుడు స్పైక్ బస్టర్ కూడా చేయాల్సిన రక్షణ పూర్తిగా చేయలేదు. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, ఆ తర్వాతే కంప్యూటర్ మెకానిక్‌ను.

ల్యాప్‌టాప్ అయితే లెక్క మారుతుంది. బ్యాటరీ బాగున్నంతకాలం గోడ కరెంటు ఆటుపోట్లు దానికి తగలవు. బ్యాటరీ బాగుండి కూడా రీస్టార్ట్ అవుతోందంటే వేడి, ర్యామ్, డ్రైవర్ వైపు చూడాలి. వేడి ముదిరితే ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే టక్కున ఆఫ్ అయిపోతుంది. ఆఫ్ అయి, వెంటనే ఆన్ చేస్తే మళ్లీ ఆఫ్ అయి, అరగంట ఆగితే బాగా నడిచే సిస్టమ్‌లో ఫ్యాన్ దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్ చూడాలి.

సందేశం తప్పుదారి పట్టిస్తే

సందేశాన్ని అక్షరాలా నమ్మి మోసపోయిన ఘటన ఈ మధ్యే జరిగింది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న సిస్టమ్‌లలో గేములు ఆడుతుంటే "అవుట్ ఆఫ్ వీడియో మెమరీ" అని వచ్చి కూలిపోయేవి. అందరూ గ్రాఫిక్స్ కార్డును తప్పుబట్టారు. కార్డులు మార్చారు, డ్రైవర్లు మార్చారు. చివరికి తేలింది ప్రాసెసర్లే అవసరానికి మించిన వోల్టేజీ అడిగి తమను తాము దెబ్బతీసుకుంటున్నాయని. 2024 ఆగస్టు నుంచి ఇంటెల్ బయోస్ అప్‌డేట్‌ల ద్వారా సవరణ ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఆ అప్‌డేట్ బాగుచేయలేదు, మార్చుకోవాల్సిందే. ఆ తరం సిస్టమ్‌లు వాడేవాళ్లు బయోస్ కొత్తదేనా అని నేడే చూసుకోవాలి.

రోజుకో కొత్త కోడ్‌తో బ్లూ స్క్రీన్ వస్తుంటే ర్యామ్‌ను పట్టుకోవాలి. ఒకే డ్రైవర్ తప్పయితే సాధారణంగా ఒకే రకం కోడ్ పదేపదే వస్తుంది. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైతే ఆ క్షణంలో అక్కడ ఏ ప్రోగ్రామ్ ఉంటే అది కూలుతుంది కాబట్టి సందేశాలకు తలా తోకా ఉండదు. మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, రాత్రంతా వదిలేయాలి. ఒక్క తప్పు చూపించినా ఎక్కువే. బయోస్‌లో ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ఉంటే దాన్ని ఆపి మరోసారి పరీక్షించాకే ర్యామ్ కొనాలి. డిస్కు ఆరోగ్యాన్ని క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. సీఆర్‌సీ ఎర్రర్ల (డేటా దారిలో చెడిపోయిన సందర్భాల) లెక్క మాత్రమే పెరుగుతూ ఉంటే డిస్కు కంటే ముందు దాన్ని బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి చూడాలి.

డిస్కు చావుబతుకుల్లో ఉందని అనుమానమొస్తే చెక్‌డిస్క్ లాంటి రిపేరు ఆదేశాలు ఇవ్వకూడదు. డిస్కు మొత్తాన్ని గాలించే ఆ పని, మిగిలిన కొద్దిపాటి ఊపిరినీ తీసేస్తుంది. ముందు ఉబుంటు లాంటి లినక్స్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, ఫొటోలు, డాక్యుమెంట్లు బయటి డిస్కుకు కాపీ చేసుకోవాలి.

అన్నీ చూశాక ఫార్మాటే శరణ్యమని తేలే సందర్భాలూ ఉంటాయి. మాల్‌వేర్ లోతుగా పాతుకుపోయినప్పుడు, సిస్టమ్ ఫైళ్లు మరమ్మతుకు లొంగనంతగా చెడినప్పుడు. అప్పుడు కూడా సొంత ఫైళ్లతోపాటు ఇంకో రెండింటిని పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోవాలి. మొదటిది విండోస్ ఫోల్డర్‌లోని మినీడంప్. రెండోది సిస్టమ్32 కింద విన్‌ఈవీటీ, అందులో లాగ్స్ ఫోల్డర్‌లో సిస్టమ్ అనే పేరున్న ఫైల్. బూట్ కాని సిస్టమ్ నుంచి తీసిన ఆ ఫైల్‌ను వేరే ఏ విండోస్ సిస్టమ్‌లో డబుల్ క్లిక్ చేసినా ఈవెంట్ వ్యూయర్‌లో తెరుచుకుంటుంది. కొత్త విండోస్ వేసిన వారానికి మళ్లీ రీస్టార్ట్ మొదలైతే, పాత 41 పక్కన కొత్త 41 పెట్టి బగ్‌చెక్ కోడ్‌లు పోల్చి చూసుకోవచ్చు.